సిబిల్ స్కోరు పెరగాలంటే ముందు రిపోర్టు తెరవాలి

బ్యాంకులో లోన్ రానప్పుడు సాధారణంగా వినిపించే మాట ఒకటే: ‘మీ సిబిల్ సరిగా లేదండీ.’ నెలనెలా జీతం పడుతోంది, ఖాతాలో నాలుగు డబ్బులు ఉన్నాయి, సొంత ఇల్లు ఉంది. ఇన్ని ఉండి కూడా ఎందుకు కాదన్నారో అర్థం కాక టెన్షన్ మొదలవుతుంది. అయితే ఈ మూడింటిలో ఒక్కటి కూడా స్కోరు లెక్కలోకి రాదు. జీతం ఎంతో, ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఎన్నో, ఆస్తి ఎక్కడుందో దానికి తెలియదు. ఈ మనిషి ఇంతకుముందు ఎవరి దగ్గర ఎంత అప్పు తీసుకున్నాడు, ఎలా తీర్చాడు అన్నదే దానికి కావాలి. అందుకే లక్షన్నర జీతం ఉన్నవారికి 640 ఉండొచ్చు, ఇరవై వేలతో ఇల్లు నెట్టుకొచ్చేవారికి 790 ఉండొచ్చు.

ఎవరు ఎంత అప్పు తీసుకున్నారో, ఎలా తీర్చారో నమోదై ఉండేది క్రెడిట్ రిపోర్టు. స్కోరంటే అందులోని వివరాల నుంచి లెక్కగట్టి తీసిన మూడంకెల సంఖ్య. ఆ సంఖ్యను ఎవరూ నేరుగా పెంచలేరు. రిపోర్టులో వివరాలు మారితే అదే మారుతుంది. చాలామంది మాత్రం రిపోర్టు జోలికే వెళ్లరు. యాప్‌లో వారానికోసారి స్కోరు చూసుకుంటారు, ఎవరో చెప్పారని కొత్త కార్డు తీసుకుంటారు, ఇంకెవరో చెప్పారని ఉన్న కార్డు రద్దు చేసుకుంటారు. నొప్పి ఎక్కడో చూడకుండా మందు వేసినట్టే ఉంటుంది ఈ వరస.

రిపోర్టులో ఉండేదేమిటి?

మన దేశంలో అప్పుల వివరాలు సేకరించే కంపెనీలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హై మార్క్. సిబిల్ అన్నిటికంటే ముందు, 2000లోనే మొదలైంది. అందుకే జనం నోట ఏ కంపెనీ స్కోరైనా సిబిల్ స్కోరే అయింది. 2005లో వచ్చిన చట్టం ప్రకారం ఈ నాలుగూ రిజర్వు బ్యాంకు అదుపులో పనిచేస్తాయి. స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. ఒకే మనిషికి నాలుగు చోట్ల నాలుగు అంకెలు కనిపించడం మామూలే. ఎవరి లెక్క వారిది, అందరికీ అన్ని వివరాలూ ఒకే రోజు చేరవు కూడా.

750 దాటితే మంచి స్కోరని బ్యాంకుల్లో ఒక అభిప్రాయం ఉంది. ఇంత ఉంటేనే లోన్ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు మాత్రం ఎక్కడా నిబంధన పెట్టలేదు. ఎవరి గీత వాళ్లే గీసుకుంటారు. లోన్ రావడం ఒక ఎత్తయితే, ఎంత వడ్డీకి వస్తుందన్నది ఇంకో ఎత్తు. ఇప్పుడు చాలా బ్యాంకులు హోమ్ లోన్ వడ్డీని స్కోరును బట్టే నిర్ణయిస్తున్నాయి. 30 లక్షల లోన్‌ను 20 ఏళ్లలో తీర్చాలంటే 8.5 శాతం వడ్డీకి ఈఎంఐ సుమారు 26,035 రూపాయలు. అదే 9 శాతానికి అయితే 26,990 దాకా వస్తుంది. చూడ్డానికి అర శాతమే తేడా. ఇరవై ఏళ్లలో అది దాదాపు 2 లక్షల 30 వేలు అవుతుంది.

రిపోర్టు కోసం డబ్బు కట్టాల్సిన పని లేదు. నాలుగు కంపెనీలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టును స్కోరుతో సహా ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. 2017 జనవరి నుంచి ఇది అమల్లో ఉంది. మూడు నెలలకొకటి చొప్పున ఒక్కో కంపెనీ నుంచి తీసుకుంటే ఏడాది పొడవునా ఉచితంగానే గమనించుకోవచ్చు. ఎవరి రిపోర్టు వారు చూసుకుంటే స్కోరు తగ్గుతుందన్న భయం ఇంకా చాలామందిలో ఉంది. అది నిజం కాదు. లోన్‌కు దరఖాస్తు చేసినప్పుడు బ్యాంకు చూస్తేనే అది ఎంక్వైరీగా లెక్కలోకి వస్తుంది.

రిపోర్టులో ముందుగా చూడాల్సింది ఒక్కో లోన్ కింద గళ్లు గళ్లుగా కనిపించే పట్టిక. గడిచిన 36 నెలల్లో ఏ నెల వాయిదా ఎన్ని రోజులు ఆలస్యమైందో అందులో ఉంటుంది. గడిలో 000 ఉంటే ఆ నెల బాకీ ఏమీ లేనట్టు. 032 ఉంటే 32 రోజులు దాటినట్టు. కొన్ని బ్యాంకులు అంకెలకు బదులు అక్షరాలు వాడతాయి. ఎస్‌టీడీ అంటే ఖాతా సవ్యంగా ఉంది, ఎస్ఎంఏ అంటే జారుడు మొదలైంది, ఎస్‌యూబీ అంటే 90 రోజులు దాటి మొండి బాకీల్లో చేరింది. ఎక్స్‌ఎక్స్‌ఎక్స్ అని ఉంటే ఆ నెల వివరాలు బ్యాంకు పంపలేదని అర్థం, దానికి కంగారు పడక్కర్లేదు. స్కోరు ఎందుకు పడిపోయిందన్న ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఈ గళ్లలోనే దొరికిపోతుంది.

చిన్న బాకీ చేసే పెద్ద నష్టం

ఒక ఇంట్లో నెలకు 28,000 హోమ్ లోన్ ఈఎంఐ ఒక్కరోజు కూడా తప్పకుండా కడుతున్నారనుకుందాం. అదే మనిషి పేరు మీద ఫోన్ కొన్నప్పటి 1,450 రూపాయల ఈఎంఐ ఒకటి ఉంది. అది కట్ అయ్యే పాత ఖాతాలో డబ్బు లేక ఒక నెల బౌన్స్ అయింది. వచ్చే నెల రెండూ కలిపి తీసుకుంటారులే అని ఊరుకున్నారు. ఫైనాన్స్ కంపెనీ ఆ పాత వాయిదా కోసం మళ్లీ ఖాతా తట్టలేదు. రెండు నెలలు గడిచేసరికి గడిలో 056 పడింది. అక్కడ నమోదయ్యేది రోజుల లెక్క. పోయింది 1,450 రూపాయలే కదా అని ఆ అంకె తగ్గదు.

జీతం ఖాతా మారినప్పుడు, ఉద్యోగం మారినప్పుడు ఇలాంటివి ఎక్కువగా జరుగుతుంటాయి. ఆటోమేటిక్‌గా కట్ అయ్యే వాయిదాలన్నీ ఏ ఖాతాకు ముడిపడి ఉన్నాయో ఒక కాగితం మీద రాసి పెట్టుకోవడం చాలా మేలు. జీతం పడిన మర్నాడో, ఆ మూడో రోజో వాయిదా తేదీ ఉండేలా మార్చమని అడిగితే చాలా సంస్థలు ఒప్పుకుంటాయి.

క్రెడిట్ కార్డు విషయంలో కొంచెం వెసులుబాటు ఉంది. గడువు తేదీ దాటి మూడు రోజులకు మించితేనే కార్డు సంస్థ దాన్ని ఆలస్యంగా రిపోర్టు చేయాలి, లేట్ ఫీజు వేయాలి. అయితే నాలుగో రోజు వచ్చిందంటే లెక్క గడువు తేదీ నుంచే మొదలవుతుంది. వాడకుండా పక్కన పడేసిన కార్డుకు వార్షిక రుసుము 500, జీఎస్టీతో కలిపి 590 పడి, అది ఎవరూ చూడక నెలల తరబడి బాకీగా నిలిచిపోయిన సందర్భాలు కొల్లలు. వాడని కార్డును డ్రాయర్‌లో వదిలేయకూడదు. రుసుము లేనిదైతే ఉంచుకుని నెలకో చిన్న బిల్లు దానిమీద కట్టాలి, రుసుము ఉన్నదైతే రాతపూర్వకంగా మూసివేయించాలి. బాకీ ఏమీ లేకపోతే ఏడు పనిదినాల్లోగా మూసేయడం కార్డు సంస్థ బాధ్యత. ఆలస్యం చేస్తే రోజుకు 500 రూపాయల చొప్పున కస్టమర్‌కు చెల్లించాలి.

కార్డు వాడకం: ఆలస్యం లేకున్నా స్కోరు తగ్గేది ఇక్కడే

‘ఒక్క బిల్లు కూడా ఆపలేదు, అయినా స్కోరు ఎందుకు పెరగట్లేదు?’ అని అడిగేవారిలో ఎక్కువమంది కార్డు లిమిట్ అంచుల దాకా వాడేవారే. లక్ష రూపాయల లిమిట్ ఉన్న కార్డు మీద నెలకు 70,000 ఖర్చు పెట్టి, గడువులోగా మొత్తం కట్టేశారనుకోండి. వడ్డీ పడదు, ఆలస్యమూ లేదు. కానీ కార్డు సంస్థ వివరాలు పంపే రోజున ఖాతాలో ఉన్న బాకీ 70,000. రిపోర్టు ప్రకారం ఈ మనిషి లిమిట్‌లో 70 శాతం వాడేసుకున్నాడు. అప్పు మీద ఎక్కువగా ఆధారపడుతున్నాడన్న సంకేతం అక్కడ పడిపోతుంది.

వాడకం లిమిట్‌లో 30 శాతం లోపు ఉండాలనే మాట అందరూ చెబుతారు. అది చట్టమేమీ కాదు, 31 దాటగానే స్కోరు కూలిపోదు. తక్కువైతే మంచిది, అంతే. దీనికి సులువైన ఉపాయం ఒకటుంది. బిల్లు తయారయ్యే తేదీకి రెండు మూడు రోజుల ముందే ఖర్చులో చాలా భాగం కట్టేస్తే బాకీ తక్కువగా నమోదవుతుంది. ఖర్చు అదే, కట్టేదీ అదే, తేదీ మాత్రమే ముందుకు జరిగింది. దారి తప్పిన స్కోరును కాస్త త్వరగా మార్చగలిగేది ఇదొక్కటే. ఎందుకంటే పాత ఆలస్యాలను చెరిపేయలేం, కార్డు బాకీని మాత్రం ఈ నెలే తగ్గించవచ్చు. పైగా 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి వివరాలు పంపాలి. అంతకుముందులా నెలకు పైగా ఎదురుచూడాల్సిన పని లేదు.

పాత కార్డు రద్దు చేస్తే స్కోరు ఎందుకు తగ్గుతుందో కూడా ఈ లెక్కే చెబుతుంది. లక్ష చొప్పున లిమిట్ ఉన్న రెండు కార్డుల మీద కలిపి 60,000 బాకీ ఉంటే వాడకం 30 శాతం. ఖాళీగా ఉంది కదా అని ఒక కార్డు మూసేస్తే అదే బాకీ 60 శాతం అవుతుంది. ఇక బిల్లులో మినిమమ్ డ్యూ, అంటే తప్పక కట్టాల్సిన కనీస మొత్తం మాత్రమే కట్టి నెట్టుకొచ్చేవారి రిపోర్టులో ఆలస్యం కనిపించదు. కానీ నెలకు 3 శాతానికి పైగా వడ్డీ పడుతూ బాకీ కరగదు, వాడకం ఎప్పుడూ ఎక్కువగానే ఉంటుంది. స్కోరు సంగతి పక్కన పెట్టినా, ఇది కుటుంబాలను నిలువునా ముంచే అలవాటు.

చెల్లింపుల చరిత్రకు 35 శాతం, వాడకానికి 30 శాతం అంటూ తిరిగే పట్టిక గురించి ఒక మాట. ఆ అంకెలు అమెరికాలోని ఫైకో స్కోరువి. మన కంపెనీల లెక్క అచ్చంగా అదే అనుకోకూడదు. ఏ అంశం ముఖ్యమో తెలుసుకోవడానికి మాత్రం ఆ వరుస పనికొస్తుంది.

సెటిల్‌మెంట్ అనే తీపి మాట

కట్టలేక చేతులెత్తేసిన అప్పు మీద రికవరీ ఏజెంట్ ఫోన్ చేసి, ‘లక్షా ఇరవై వేలు ఉంది కదా, యాభై వేలు కట్టేయండి, క్లోజ్ చేసేస్తాం’ అంటాడు. వినడానికి ఇంతకంటే మంచి మాట ఉండదు. డబ్బు కడతారు, కాగితం తీసుకుంటారు, అప్పు తీరిపోయిందనుకుంటారు. నాలుగేళ్ల తర్వాత హోమ్ లోన్‌కు వెళితే తిరస్కరిస్తారు. రిపోర్టులో ఆ ఖాతా పక్కన ‘సెటిల్డ్’ అని ఉంటుంది. అంటే, పూర్తిగా రాలేదు, వచ్చింది తీసుకుని వదిలేశాం అని బ్యాంకు రాసినట్టు. కొత్తగా అప్పు ఇచ్చేవారు ఆ మాట దగ్గరే ఆగిపోతారు. 2023 జూన్‌లో రిజర్వు బ్యాంకు తెచ్చిన నిబంధనల ప్రకారం ఇలా రాజీ చేసుకున్నవారికి, వ్యవసాయ రుణాలను మినహాయిస్తే, కనీసం 12 నెలల దాకా ఆ సంస్థ కొత్త అప్పు ఇవ్వకూడదు.

‘రైట్ ఆఫ్’ అన్న మాట కూడా ఇలాగే మోసపుచ్చుతుంది. బ్యాంకు రైట్ ఆఫ్ చేసిందంటే మాఫీ చేసిందని చాలామంది అనుకుంటారు. అది బ్యాంకు తన పుస్తకాల్లో చేసుకునే సర్దుబాటు. అప్పు తీసుకున్నవారి మీద బాకీ అలాగే ఉంటుంది, రిపోర్టులో బాగా చెడ్డ ముద్రల్లో అదొకటి. పంట రుణాల మాఫీ ప్రకటించినప్పుడు కూడా ఖాతాలో డబ్బు జమ అయ్యేదాకా అది బాకీగానే నడుస్తుంది. మాఫీ వస్తుందన్న నమ్మకంతో వాయిదా ఆపేసిన రైతు తన తప్పేమీ లేకుండానే ఇందులో ఇరుక్కునే ప్రమాదం ఉంది. ఇది నిజంగా బాధాకరమైన సంగతి.

సెటిల్‌మెంట్ ఎప్పుడూ తప్పే అనలేం. ఉద్యోగం పోయి, ఆసుపత్రి ఖర్చులు మీద పడి, తీర్చే దారే లేనివారికి ఏళ్ల తరబడి పెరిగే బాకీ కంటే, ఏజెంట్ల వేధింపుల కంటే అది నయం. కానీ కష్టపడితే ఆరేడు నెలల్లో పూర్తిగా కట్టగలిగేవారు డిస్కౌంట్‌కు ఆశపడి సెటిల్ చేసుకుంటే, ఆ డిస్కౌంట్ తర్వాతి లోన్ వడ్డీలో వడ్డీతో సహా పోతుంది. అడగాల్సింది వాయిదాలను చిన్నవి చేసి గడువు పొడిగించమని. పెనాల్టీలు తగ్గించమని కూడా అడగవచ్చు.

ఇప్పటికే సెటిల్ చేసుకున్నవారికి దారి మూసుకుపోలేదు. పై ఉదాహరణలో మిగిలిన 70,000 కట్టేస్తామని బ్యాంకుకు రాస్తే, చాలా బ్యాంకులు తీసుకుని ఖాతాను ‘క్లోజ్డ్’గా మార్పిస్తాయి. కట్టేముందే ఈ మాట ఈమెయిల్‌లోనో లెటర్‌హెడ్ మీదో రాయించుకోవాలి. ఏజెంట్ నోటి మాటకు విలువ లేదు, అతని సొంత ఖాతాకు డబ్బు పంపితే అసలు లెక్కే ఉండదు. కట్టాక బాకీ ఏమీ లేదని రాసిచ్చే నో డ్యూ సర్టిఫికెట్ తీసుకుని, నెల రోజుల తర్వాత రిపోర్టులో మారిందో లేదో చూసుకోవాలి.

వేరేవారి అప్పు, సొంత రిపోర్టు

బావమరిది కారు లోన్‌కు షూరిటీ సంతకం పెట్టినా, కొడుకు చదువు లోన్‌లో తండ్రి సహ దరఖాస్తుదారు అయినా, ఆ అప్పు సంతకం పెట్టినవారి రిపోర్టులోనూ కనిపిస్తుంది. వాళ్లు ఆలస్యం చేస్తే ఇక్కడా మచ్చ పడుతుంది. మైక్రోఫైనాన్స్ గ్రూపు అప్పుల్లో కూడా సభ్యురాలి పేరు మీద విడిగా నమోదు ఉంటుంది. మొహమాటానికి సంతకం పెట్టినవారు కనీసం ఆ లోన్ ఖాతా వివరాలు తమ ఫోన్‌కు కూడా మెసేజ్ వచ్చేలా చూసుకోవాలి. షూరిటీ నుంచి మధ్యలో తప్పుకోవాలంటే బ్యాంకు ఒప్పుకోవాలి, అది తేలిక కాదు.

తప్పు బ్యాంకుదైతే

తీరిపోయిన లోన్ ఇంకా నడుస్తున్నట్టు ఉండటం, ఒకే అప్పు రెండుసార్లు కనిపించడం, ఒకే పేరున్న ఇంకొకరి కార్డు ఇక్కడ చేరడం, అసలు తీసుకోని యాప్ లోన్ ప్రత్యక్షం కావడం – రిపోర్టుల్లో ఇలాంటివి నిజంగానే ఉంటాయి. పాన్ నంబరు దుర్వినియోగమైన సంగతి కూడా చాలామందికి ఇక్కడే బయటపడుతుంది. ఏ బ్యాంకు ఎప్పుడు ఎంక్వైరీ చేసిందో చివర్లో ఉండే జాబితాను జాగ్రత్తగా చూడాలి. తెలియని పేరు కనిపిస్తే వదలకూడదు.

ఫిర్యాదు రెండు చోట్లా పెట్టాలి. రిపోర్టు ఇచ్చిన క్రెడిట్ కంపెనీ వెబ్‌సైట్‌లో ‘డిస్ప్యూట్’ నమోదు చేయాలి, సంబంధిత బ్యాంకుకూ రాతపూర్వకంగా పంపాలి. బ్యాంకు ఒప్పుకోకుండా క్రెడిట్ కంపెనీ తనంతట తాను వివరాలు మార్చదు. అందుకే అసలు ఒత్తిడి బ్యాంకు మీదే పెట్టాలి. నో డ్యూ సర్టిఫికెట్, చివరి స్టేట్‌మెంట్, కట్టిన రసీదు జతచేస్తే పని త్వరగా అవుతుంది. తీసుకోని అప్పు విషయమైతే సైబర్ క్రైమ్‌కు ఇచ్చిన ఫిర్యాదు కాపీ కూడా జతచేయాలి.

జనానికి అంతగా తెలియని హక్కు ఇక్కడే ఉంది. ఫిర్యాదు అందిన 30 రోజుల్లో సరిచేయకపోతే, ఆ తర్వాత ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. 2024 ఏప్రిల్ 26 నుంచి ఇది అమల్లో ఉంది. ఆ 30 రోజుల్లో బ్యాంకుకు దక్కేవి 21 రోజులు. ఆలోగా సరైన వివరాలు పంపకపోతే పరిహారం భారం బ్యాంకుదే. పంపినా క్రెడిట్ కంపెనీ మార్చకపోతే దానిది. సమస్య తేలాక ఐదు పనిదినాల్లో ఆ డబ్బు ఖాతాలో వేయాలి. స్కోరు తక్కువగా లెక్కగట్టారన్న ఫిర్యాదు దీని కిందికి రాదు. వివరాల్లో తప్పుంటేనే వర్తిస్తుంది. అందుకే ఫిర్యాదులో ‘నా స్కోరు పెంచండి’ అని రాసి ప్రయోజనం లేదు. ఫలానా ఖాతా, ఫలానా నెల, అక్కడ ఉన్నది ఇది, ఉండాల్సింది ఇది అని రాయాలి.

ఫిర్యాదును తోసిపుచ్చినా, 30 రోజులు దాటినా జవాబు రాకపోయినా కస్టమర్ల ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. 2022 సెప్టెంబరు నుంచి క్రెడిట్ కంపెనీలు కూడా ఆ పరిధిలోకి వచ్చాయి.

అసలు చరిత్రే లేనివారు

ఎప్పుడూ అప్పు చేయనివారికి స్కోరే ఉండదు. అప్పు లేకుండా బతికినవారికి ఇది శిక్షలా అనిపించడం సహజం. మొదటిసారి అప్పు అడిగేవారిని చరిత్ర లేదన్న ఒక్క కారణంతో కాదనకూడదని రిజర్వు బ్యాంకు చెప్పినట్టు 2025లో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటులో గుర్తుచేసింది. అయినా దారి సుగమం చేసుకోవాలంటే చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే క్రెడిట్ కార్డు మంచిది. దాన్ని కొద్దిగా వాడి, మొత్తం బిల్లు కడుతూ పోతే కొన్ని నెలల్లో స్కోరు పుడుతుంది. స్కోరు కోసమే వడ్డీ కట్టే పర్సనల్ లోన్ తీసుకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు. ఒకే వారంలో ఐదారు యాప్‌లలో దరఖాస్తు చేయడం అంతకంటే చేటు. ప్రతి దరఖాస్తూ ఒక ఎంక్వైరీగా పడి, డబ్బుకు కటకటలాడుతున్నారన్న అభిప్రాయం కలిగిస్తుంది.

‘15 రోజుల్లో సిబిల్ క్లీన్ చేస్తాం’ అని వేలల్లో ఫీజు అడిగేవారి మాట నమ్మకూడదు. తప్పుడు వివరాలుంటే సరిచేయించడం ఎవరికి వారే ఉచితంగా చేసుకోవచ్చు. నిజమైన ఆలస్యాలను ఎవరూ తుడిచేయలేరు. పైగా పాన్, ఆధార్, ఓటీపీలు వాళ్ల చేతికి వెళితే కొత్త బాధ మొదలవుతుంది. ఏడేళ్లయితే అన్నీ వాటంతటవే చెరిగిపోతాయన్న ప్రచారమూ సరైనది కాదు. వివరాలను కనీసం ఏడేళ్లు ఉంచాలన్నది నిబంధన, ఆ తర్వాత తీసేయాలని కాదు. అయితే పాత ఆలస్యాల మీద కొత్తగా సవ్యంగా కట్టిన నెలలు పేరుకునేకొద్దీ వాటి బరువు తగ్గుతుంది. అందుకే ఇల్లు కొనే ఆలోచన ఉన్నవారు బిల్డర్ దగ్గరికి వెళ్లే రోజున కాకుండా కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది ముందే నాలుగు రిపోర్టులూ తీసి చూడాలి. తప్పులకు ఫిర్యాదు పెట్టి, అది తేలి, అంబుడ్స్‌మన్ దాకా వెళ్లాల్సి వచ్చినా ఆ వ్యవధి సరిపోతుంది.